క్రేనుతో మొదలైన మాటలు

అర్జునరావు ఏళ్ల తరబడి పోర్టులో క్రేను నడిపాడు. పక్షవాతం వచ్చి, ఆస్పత్రి నుంచి కంచరపాలెంలోని ఇంటికి చేరాక కాలూ చెయ్యీ మెల్లగా కదిలాయి గానీ మాట మాత్రం రాలేదు. మనసులో ఉన్నది నోటిదాకా వచ్చి ఆగిపోయేది. మంచినీళ్లు కావాలన్నా గ్లాసు చూపించాల్సిందే. షిఫ్టంతా కబుర్లు చెప్పిన మనిషి, ఎవరైనా పలకరించడానికొస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు.

అతనికి మాటలు నేర్పడానికి ఇంటికి వచ్చే జ్యోతిర్మయి ఒక ఉపాయం చెప్పింది.

"ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు తీసుకోండి ఆంటీ. మీరు మొదలు అందిస్తే మిగతాది అంకుల్ పూర్తి చేస్తారు. బాగా అలవాటైన మాటలైతే మంచిది."

అతనికి అలవాటైనవి పోర్టు మాటలు. అన్నీ ఇంగ్లీషువే. భార్య గౌరీశ్వరి వాటిని వినడమే గానీ అర్థాలు పెద్దగా తెలీవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మంచం పక్కన కూర్చుని "క్రే..." అంది.

అతని పెదాలు వణికాయి. "క్రే... న్."

ఆమె సంతోషం పట్టలేక పక్కింటి సూర్యకళను కేకేసింది.

ఇక రోజూ అదే పని. "క్రూ" వచ్చింది.

"అంటే ఏటి మావా?"

అర్థం చెప్పడానికి మాట దొరక్క, అతను గాలిలో ఓడను గీసి, దానిమీద వేళ్లతో మనుషులను నడిపించాడు.

"ఓడలో పనోళ్లా?"

తలూపాడు. "క్రేట్"కి చేతులతో పెట్టె కట్టాడు. "క్రాక్" అన్నప్పుడు గోడమీది బీట చూపించాడు. ఆమె తప్పు చెబితే విసుక్కుని మంచంమీద గుద్దేవాడు. ఆ విసుగు కూడా ఆమెకు బాగుండేది. గోడవైపు తిరగడం మానేశాడు కదా.

ఓరోజు పాత స్నేహితుడు దేవీప్రసాద్ దువ్వాడ నుంచి చూడ్డానికొచ్చాడు. కాసేపు వాళ్ల ఆట చూసి, నవ్వుతూ అడిగాడు.

"బావా, క్రేజీ అంటే ఏటో సెప్పు సూద్దాం."

అర్జునరావు గుమ్మం వైపు చూశాడు. చేపలు కడుగుతున్న గౌరీశ్వరి, జవాబు వినాలని తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చి అక్కడ నిలబడి ఉంది.

"ఇది... నా... పిచ్చిది," అన్నాడు.

ఎవరూ అందించకుండా, తెలుగులో, అర్థంతో సహా వచ్చిన మాటలవి.

"నాను పిచ్చిదాన్నా?" అంటూ గౌరీశ్వరి మోచేత్తో కళ్లు తుడుచుకుంది. "మళ్లీ అను మావా, ఇంకోపాలి అను!"

అతను మళ్లీ అన్నాడు. దేవీప్రసాద్ కుర్చీలోంచి లేచి అతని భుజం పట్టుకుని ఊపేశాడు.

తర్వాత కూడా మాటలు తేలిగ్గా రాలేదు. కొన్ని రోజులు ఒక్కటీ పలికేది కాదు. వానలు మొదలయ్యేసరికి మాత్రం చిన్న చిన్న వాక్యాలు కూర్చుకోసాగాడు.

ఓ మధ్యాహ్నం రెండు ముద్దలు తిని, "కూరలో ఉప్పు లేదు," అని గొడవ పెట్టాడు. గౌరీశ్వరి నవ్వుకుంటూ ఉప్పుడబ్బా తెచ్చి అతని పక్కన పెట్టి, తనూ కంచంలో వడ్డించుకుని కూర్చుంది.