గంజి పెట్టిన దుప్పటి

పదీ పదికి వీరవేణి ఫోన్ మోగింది. అప్పటికామె రాజమండ్రిలో ప్రభుత్వాసుపత్రి స్టోర్ ఆఫీసు ముందు బల్ల మీద కూర్చుని ఉంది.

"అమ్మాయ్, దుప్పటి ఇచ్చేశావా?" అత్తగారు సుబ్బాయమ్మ.

"ఇప్పుడే ఇచ్చాను అత్తయ్యా."

"పెళపెళలాడుతోంది కదూ? నిన్న నువ్వు బజారుకెళ్లినప్పుడు రెండుసార్లు గంజి పట్టించాను. ఆఫీసర్లు చూసే బట్ట వేలాడిపోతూ ఉంటే మన పరువేం కాను?"

వీరవేణి ఫోన్ పెట్టేసి దిగ్గున లేచింది.

ఈ ఏడు టెండరులో ఆసుపత్రి పాలిస్టర్ దుప్పట్లు వద్దంది. నూలు బట్టే కావాలంది. నేసినవాళ్లకి సరైన కూలి అందినట్టు కాగితం చూపమంది. ధరలోనూ కాగితాల్లోనూ కొవ్వూరు అవతల ఉన్న వీళ్ల నేత సంఘం నెగ్గేసింది. ఇక మిగిలింది నమూనా పరీక్ష. దుప్పటిని ఉతికి ఆరబెట్టి తూస్తారు. నూటికి ఐదు వంతులకి మించి బరువు తగ్గిందా, గంజితో బరువు పెంచి మోసం చేశారని తీసిపారేస్తారు. అదే జరిగితే పద్దెనిమిది మగ్గాలు ఆగిపోతాయి, నేతగాళ్లు రొయ్యల చెరువుల్లో కూలికి పోతారు.

ఆమె గుమస్తా ఎజ్రా బల్ల దగ్గరికి పరుగెత్తింది.

"మా దుప్పట్లో గంజి ఉందండి. మా అత్తయ్య ముచ్చటపడి పెట్టేసింది. వెనక్కివ్వండి."

ఎజ్రా కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఇంకొకళ్లయితే దాచేవారండి. పదకొండు వరకూ నమూనా మార్చుకోవచ్చు. కాగితం రాసివ్వండి. పదకొండు దాటితే మాత్రం నేను కాదు కదా, మా పెద్దసారు కూడా తీసుకోరు."

కొవ్వూరు అవతలికి వెళ్లి ఇంకో దుప్పటి తేవడానికి టైము లేదు. ఉన్న దుప్పటినే బాగుచెయ్యాలి.

ఆసుపత్రి పెరట్లో ఆయా సంపూర్ణమ్మ బట్టలు నానబెడుతోంది. సంగతి విని కొంగు బిగించింది. "కూర్చుని ఏడిస్తే గంజి పోతుందేంటి? పద పిల్లా! ఆ పాలిస్టరు దుప్పట్లు ఈ ఎండల్లో బాలింతల వీపులకి అంటుకుపోతున్నాయి. నూలుదే రావాలి."

క్యాంటీన్ నుంచి వేడినీళ్లు తెచ్చారు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. నీళ్లు తెల్లగా పోయి, ఆఖరికి తేటపడ్డాయి. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని మెలిపెట్టి పిండారు. పదీ ముప్పై ఐదుకి మేడ మీద దుప్పటి పరిచారు.

మే నెల ఎండ. రోజూ తిట్టుకునే ఆ ఎండకి వీరవేణి మనసులోనే దణ్ణం పెట్టింది.

పదీ యాభైకి మధ్యభాగం ఆరింది. అంచులు ఇంకా తడిగానే ఉన్నాయి. ఆ తడితో ఇస్తే అదీ బరువులో కలుస్తుంది, ఉతికి ఆరబెట్టాక తరుగు కింద లెక్కేస్తారు. అంచులు తిప్పి, కాలిపోతున్న రేకు మీద పరిచింది. చెప్పుల్లేని కాళ్లు చురుక్కుమంటున్నా కదల్లేదు.

పదకొండుకి రెండు నిమిషాలుందనగా ముడతలు పడ్డ దుప్పటి ఎజ్రా బల్ల మీద పడింది. పక్కన మిగతా కంపెనీల దుప్పట్లు అట్టల్లా నిగనిగలాడుతున్నాయి.

"ఇదేంటండీ, నలిగిపోయిన పంచెలా ఉంది?" నవ్వుతూనే సీలు వేశాడు.

పరీక్ష అయ్యేసరికి మూడైంది. ఎజ్రా కాగితం పట్టుకుని బయటికొచ్చాడు.

"ఉతక్కముందు ఆరువందల ఇరవై గ్రాములు. ఉతికాక ఆరువందల ఎనిమిది. నూటికి రెండు కూడా తగ్గలేదు. ఆర్డరు మీదేనండీ."

వీరవేణి గోడకి చేరగిలబడింది. కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది.

"అత్తయ్యా, మగ్గాలు ఆపొద్దని అందరికీ చెప్పండి."