అమ్మ వచ్చే రోజు వేసే బూట్లు

పాపను కుడిపక్కకు తిప్పి, వీపు కింద దుప్పటి మడతలు అరచేత్తో సాపు చేస్తూనే, ఆరాలక్క పక్క మంచం దగ్గరున్న నర్సును అడగనే అడిగింది: కళ్ళెందుకు ఉబ్బాయి, ఇంట్లో మళ్ళీ ఆడపడుచు దిగిందా అని. నర్సు నవ్వి ఊరుకుంది. ఊరుకుంటే ఆరాలక్క వదులుతుందా? దుప్పటి సర్దడం అయ్యేలోగా ఆడపడుచు వచ్చిన సంగతి, తెచ్చిన పెట్టె చాలా పెద్దదన్న సంగతి కూడా రాబట్టింది.

ఆమెకు ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరికి ఎందుకు ఆలస్యమైంది, ఎవరింట్లో మాటల్లేవు, ఎవరి చెప్పు ఎక్కడ తెగింది, అన్నీ ఆమెకు కావాలి. ఆమె ఆరాల ధర్మమా అని వీధిలో రెండు పెళ్ళి సంబంధాలు తప్పిపోయాయి. బస్సు నడిపే మొగుడు ఇంటికి రాగానే, "అడగాల్సినవన్నీ అడిగెయ్, ఆ తర్వాత తింటాను" అని పీట వాల్చుకుని కూర్చుంటాడు. అత్తారింట్లో ఉన్న కూతురు తీరిక చూసుకుని గానీ ఫోను ఎత్తదు.

జబ్బు పిల్లలను ఉంచుకుని చూసే ఈ చోట ఆమె ఆయాగా చేరినప్పుడు, మాటరాని పిల్లల దగ్గర ఈవిడకు పొద్దెలా పోతుందని అందరూ నవ్వుకున్నారు. తీరా చూస్తే ఆమెకు ఇక్కడే చేతినిండా పని దొరికింది. నోరు లేనివాళ్ళ దగ్గర ఆరా తీయాలంటే ఒళ్ళంతా వెతకాలి మరి.

ఈ పాపను అందరూ రాణిగారంటారు. పసితనంలో మెదడువాపు వచ్చి మాటా నడకా పోయాయి. చెమట, ఒంటి వేడి, గుండె వేగం, ఇవన్నీ మనకు చెప్పాపెట్టకుండా వాటంతట అవే సర్దుకుంటాయి. ఈ పిల్లకు సర్దుకోవు. పొయ్యి మంట తగ్గించే మర వదులైపోయిందనుకోమని డాక్టరమ్మ చెప్పింది. కడుపు ఉబ్బినా, మూత్రం ఆగినా, పక్కమీద మడత ఒత్తుకున్నా చాలు, మొహం జేవురించి, చెమటలు కారి, కాళ్ళూ చేతులూ బిగిసిపోయి గుండె పరుగందుకుంటుంది. దాన్ని ఇక్కడ గాలివాన అంటారు. దానికి మందుంది. మందు వేస్తూనే కారణమూ వెతకాలి.

కొన్ని నెలలుగా ఒక చిత్రం జరుగుతోంది. తల్లి వచ్చిన ప్రతిసారీ గాలివాన వస్తోంది. ఆమె బట్టల దుకాణంలో పనిచేస్తుంది, సెలవు దొరికిన రోజున వస్తుంది. వచ్చి చెయ్యి పట్టుకునేసరికి పాప ఎర్రబడిపోతుంది. పాపను తీసుకెళ్ళడానికి ఇంట్లో మంచం, కఫం తీసే మిషను అన్నీ అమర్చారు, తల్లికి మందులివ్వడమూ నేర్పారు. కానీ పోయినసారి ఆ తల్లి, నా చెయ్యే దానికి పడటం లేదు, ఇక్కడే ఉంచెయ్యండి, ఈసారి వచ్చినప్పుడు ఖాయం చేస్తాను అని డాక్టరమ్మతో చెప్పి వెళ్ళిపోయింది. చీపురు పట్టుకుని తలుపు పక్కన నిలబడి ఆరాలక్క అంతా వింది. కన్నతల్లి చెయ్యి పడకపోవడమేమిటి? ఆ రోజు ఆమెకు అన్నం సయించలేదు.

ఇవాళే ఆ తల్లి వచ్చే రోజు. మధ్యాహ్నం ముస్తాబు మొదలైంది. తల్లి వచ్చే వేళకు పిల్లను తయారుచేసి చూపించడం ఇక్కడి అలవాటు. తల దువ్వడం, గౌను తొడగడం, చివర పుట్టినరోజుకు తల్లి కొనిచ్చిన తెల్ల బూట్లు. నడవని పిల్లకు బూట్లెందుకంటే, కొన్నావిడ కళ్ళు చల్లబడాలని. ఆరాలక్క మడమ వెనక వేలు పెట్టి నెట్టి వాటిని ఎక్కించింది. కుర్చీలో కూర్చోబెట్టి కిటికీ దగ్గరికి తోసింది.

బస్సు దారిలో ఆగిపోయి తల్లికి ఆలస్యమైంది. తల్లి రాలేదు గానీ గాలివాన వచ్చేసింది.

నర్సు పరుగున వచ్చి మందు ఇచ్చింది. డాక్టరమ్మ నాడి పట్టుకుంది.

"అమ్మ రానే లేదుగా?" అంది ఆరాలక్క, సగం తనలో తాను.

డాక్టరమ్మ తలెత్తి చూసింది. "అవును. పట్టు, వెతుకుదాం."

ఇద్దరూ తల నుంచి మొదలుపెట్టారు. డాక్టరమ్మ కడుపు తడిమింది, ఆరాలక్క మెడ వెనక గుండీ, గౌను కుట్లు, డైపరు చూసింది. ఏమీ లేదు. బూటు లాగితే రాలేదు. ఇంకాస్త లాగితే వచ్చింది. బొటనవేలు ముడుచుకుపోయి, గోరు చుట్టూ కందిపోయి ఉంది. రెండో కాలూ అంతే.

కాసేపటికి పాప వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. మొహంలో ఎరుపు దిగింది. ఆరాలక్క చేతిలోని బూటు వంక చూసింది. ప్రతిసారీ నెట్టి ఎక్కించిన చెయ్యి తనదే. తల్లికి నేను చెప్పనా అని డాక్టరమ్మ అడిగితే వద్దంది. ఊరందరి గుట్టూ రాబట్టిన మనిషి, తన తప్పు తానే చెప్పుకోవాలనుకుంది.

తల్లి వచ్చింది. గుమ్మంలోనే ఆగి, చేతులు రెండూ పైట కింద దాచుకుని, రావచ్చా అని కళ్ళతోనే అడిగింది.

"మీ చెయ్యి కాదమ్మా, నా చెయ్యి," అంది ఆరాలక్క. "మీరు సంతోషిస్తారని ఈ బూట్లు ప్రతిసారీ నేనే ఇరికించాను. వేళ్ళు నొక్కి చూడాలని తట్టలేదు."

తిడుతుందని తల వంచుకుని నిలబడింది. తల్లి బూటు అందుకుని లోపల వేళ్ళు పెట్టి చూసింది. కొన్నప్పుడు వదులైతే కొసన దూది కుక్కామని, ఇప్పుడు అదీ లేదని మెల్లగా అంది. తర్వాత దాన్ని పాప అరికాలి పక్కన ఆనించి చూసింది. పాదమే పొడుగ్గా ఉంది.

"అయితే ఇది పెరుగుతోందా అక్కా?"

ఎప్పుడూ పడుకునే ఉండే పిల్ల పొడుగు ఎవరికి తడుతుంది? తల్లి ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. పాప ఎర్రబడలేదు. తల్లి ఏడుస్తూ నవ్వింది.

గాలివానలు మళ్ళీ వస్తాయని, మందులు మానకూడదని, వచ్చినప్పుడు భయపడి దూరం జరక్కుండా తల నుంచి కాళ్ళదాకా వెతకమని డాక్టరమ్మ చెప్పింది. తల్లి సాయంత్రం దాకా పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఇవాళే తీసుకెళ్తానంది. వ్యాను వచ్చింది. ఆరాలక్క వ్యాను మెట్టు దాకా వెళ్ళి, మంచం మీద ఎండ ఏ వేళకు పడుతుంది, పక్కింట్లో కుక్క ఉందా, దుప్పటి నూలుదేనా అని అడుగుతూనే ఉంది. తల్లి ఒక్కటీ వదలకుండా జవాబు చెప్పింది. వ్యాను వీధి మలుపు తిరిగింది.

ఆరాలక్క లోపలికొచ్చి పరుపు దులిపింది, దిండు గలీబు మార్చింది. బూట్లు కిటికీ గట్టు మీదే ఉన్నాయి. ఒకటి తీసి తిరగేసింది. అడుగున మట్టి మరక లేదు, కొన్న రోజున ఎలా ఉందో అలాగే ఉంది. లోపల చెయ్యి పెడితే, కొసన, బొటనవేలు ఒత్తుకుని పడిన చిన్న గుంట తగిలింది.