సాయవ్వ చేతికి చేసిన కత్తి

నేను ఒక కత్తిని. హైదరాబాదులో ఒక పెద్దమనిషి ఇంట్లో, అద్దాల పెట్టెలో, ఎర్ర మఖమల్ గుడ్డ మీద పడుకొని ఉన్నాను. నన్ను చూడటానికి వచ్చేవాళ్ళు చెప్పులు విడిచి లోపలికి వస్తారు. గుళ్ళో నిలబడ్డట్టు నిలబడతారు. నా వైభోగం చూసి కుళ్ళుకోకండి. పుట్టినప్పటి నుంచి నేను కోసింది ఒక్క నిమ్మకాయ.

అంతకుముందు నేను లారీ కమాను పట్టీని. ఉన్నమాట చెప్పొద్దూ, ఆ బతుకే నయం. గుంతల రోడ్ల మీద బరువు మోసినా, డ్రైవరు తిట్లు తిన్నా, రోజూ పనిలో ఉండేదాన్ని. లారీ తుక్కుకు పోయాక నిర్మల్ వైపు ఒక ఊళ్ళో కొలిమి నడిపే కనకాచారి నన్ను కొనుక్కెళ్ళాడు. ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి, సుత్తెతో ఒళ్ళు హూనం చేశాడు. అన్ని దెబ్బలు తిన్నా ఆయన మీద నాకు కోపం లేదు. నా కోపమంతా ఆయన వాకిట్లో నిలబడ్డవాళ్ళ మీద.

కనకాచారి ఒకప్పుడు కొడవళ్ళు, గొడ్డళ్ళు, కల్లుగీత కత్తులు చేసుకుంటూ తన మానాన తాను బతికేవాడు. ఎవడో పుణ్యాత్ముడు ఆయన పనిని ఫోనులో వీడియో తీసి లోకం మీదికి వదిలాడు. అంతే! ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగని మగమహారాజులంతా కార్లు వేసుకొని దిగారు. చేసేది ఒక్క మనిషి. నెలకు ఒకటో రెండో కత్తులు తయారయ్యేవి. అడిగేవాళ్ళకు లెక్కే లేదు. ఎవరికివ్వాలి?

పాపం, ఆయన పడ్డ తిప్పలు వినండి. ముందొచ్చినవాళ్ళకే ఇస్తానన్నాడు. తెల్లారేసరికి వాకిట్లో గుడారాలు వెలిశాయి. కొడవలికి పదును పెట్టించుకుందామని వచ్చిన రైతుకు లోపలికి దారి లేకపోయింది. వేలం పెట్టమన్నారు, పెట్టాడు. ప్రతిసారీ అదే బంగారు గొలుసు మనిషి ఎగరేసుకుపోయాడు. "పైసలకు చెయ్యి ఉంటదా? కత్తి పట్టేది చెయ్యి గదా!" అని వేలం ఎత్తేశాడు. కుండలో పేర్ల చీటీలు వేసి తీయించాడు. దానికీ విరుగుడు కనిపెట్టారు. తన పెంపుడు కుక్క పేరు మీద చీటీ వేసిన ఘనుడు కూడా ఉన్నాడు. ఆ నెల కత్తి ఆ కుక్కకే వచ్చింది.

అప్పుడు ఆయనకు తాతలనాటి పద్ధతి గుర్తుకొచ్చింది. వాళ్ళ తాత కల్లుగీసేవాడికి కత్తి చేసే ముందు అతని అరచేతిని నూలు దారంతో కొలిచేవాడట. దారాన్ని చేతి చుట్టూ తిప్పి, ఒక్కో వేలి దగ్గర ఒక్కో ముడి వేసి, గోడ మేకుకు తగిలించేవాడు. ఆ ముళ్ళను బట్టే పిడి చెక్కేవాడు. కత్తి పూర్తయ్యాక ఆ మనిషే మళ్ళీ రావాలి. కొలిమి ముందు తన చేత్తో నిమ్మకాయ కోయాలి. అప్పుడు దారాన్ని నిప్పుల్లో వేసేస్తారు, కత్తి ఆ మనిషిదైపోతుంది. ఒక చేతికి ఒకటే కత్తి.

"మనిషి అబద్ధమాడుతడు, చీటీ మీద పేరు అబద్ధమాడతది. అరచెయ్యి ఆడదు" అన్నాడు కనకాచారి. ఎంత అమాయకుడు! అరచేతులు కూడా కిరాయికి దొరుకుతాయని ఆయన ఊహకు అందలేదు.

ఇక నా సంగతి. ఆ రోజు చెయ్యి కొలిపించుకోవడానికి వచ్చినవాళ్ళలో ఒక నడివయసు ఆడమనిషి ఉంది. పేరు సాయవ్వ. నిర్మల్ చేపల మార్కెట్లో కూర్చొని, కొన్నవాళ్ళకు చేపలు శుభ్రం చేసి కోసి పెట్టడం ఆమె పని. ఆమె చెయ్యి చాపగానే దారం పట్టుకున్న కనకాచారి ఆగిపోయాడు. చిటికెన వేలు వంకరపోయి, కొయ్యబారి ఉంది.

"ఏమైంది చెల్లె, వేలికి?"

"జెల్ల చాప ముల్లు గుచ్చుకున్నదన్నా. చీము పట్టి, అట్లనే బిగుసుకపోయింది. ఏ కత్తి పట్టినా పిడి ఆ వేలికే తాకుతది. మాపటికల్ల ఒకటే గుంజుతది."

"చాపలు కోస్తవా?"

"అదే గద నా బతుకు."

కనకాచారి మొహం చూడాల్సింది మీరు! ఇన్నాళ్ళకు పనిచేసే చెయ్యి ఒకటి తన గడప తొక్కిందని మురిసిపోయాడు. ఆ మురిపెం తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది. ఆ సంతోషంలో నన్ను అన్ని కత్తుల్లా చేయలేదు. చేప ముల్లు పక్కనుంచి జారిపోయేలా కోసే అలుగును సన్నగా సాగగొట్టాడు. తునికి చెట్టు చేవతో పిడి చెక్కి, చివర్లో ఆమె వంకర వేలు కూర్చునేలా చిన్న పల్లం తీశాడు. చెక్కుతున్నంతసేపూ నాతో మాట్లాడేవాడు. "ఆమె చేతికి నొప్పి తెలవొద్దు, ఇన్నవా?" అనేవాడు. వినకేం? ఆ పని కోసమే పుట్టానని నేనూ పొంగిపోయాను.

సాయవ్వ మళ్ళీ వచ్చింది. నన్ను పట్టుకోగానే ఆమె వేలు పల్లంలో కుదురుగా కూర్చుంది. నిమ్మకాయ పెట్టారు, కోసింది. ఆగలేక, గాలిలోనే చేప పొట్ట చీరినట్టు నన్ను ఒకసారి ఆడించింది. "అన్నా, నొస్తలేదే!" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కనకాచారి నవ్వుతూ దారాన్ని కొలిమిలో వేశాడు. ఆ నీళ్ళు సంతోషానివనుకున్నాడు.

ఊరి మలుపు దాటగానే ఒక జీపు ఆగి ఉంది. డ్రైవరు చెయ్యి చాపాడు. సాయవ్వ నన్ను వెంటనే ఇవ్వలేదు.

"ఒక్క చాప కోసి ఇయ్యనా తమ్మీ? కడిగి, తుడిచి ఇస్త."

"గీత పడితే సారు నన్ను సంపుతడు. కూలి ముట్టింది గదా, ఇంకేంది? తే."

ముట్టిన మాట నిజమే. ఆమె కొంగుతో నా పిడి తుడిచి, అతని చేతిలో పెట్టింది. జీపులో నా పక్కన అంతకుముందు నెలల్లో చేసిన ఇంకో రెండు కత్తులు ఉన్నాయి. ఒకటి ఆ డ్రైవరు బామ్మర్ది చేతికి కొలిచింది, ఇంకొకటి సారుగారి గుమాస్తా చేతికి. మేం ఒకరినొకరం పలకరించుకోలేదు. ఏం మొహం పెట్టుకొని పలకరించుకుంటాం?

ఆ సారు పేరు విజయసారథి. ఫ్లాట్లు కట్టి అమ్ముతాడు. మామిడిపండు కూడా వంటామె కోసిస్తేనే తింటాడు, గోడ నిండా మాత్రం కత్తులే. ఒక ఆదివారం స్నేహితుల ముందు నన్ను గొప్పగా బయటికి తీసి పట్టుకున్నాడు. మెత్తటి బొద్దు చెయ్యి. పల్లం అతని వేళ్ళ సందున ఎక్కడో ఒత్తుకుంది. నేను పక్కకు తిరిగిపోయాను. స్నేహితులు కూడా ఒక్కొక్కరే పట్టి చూశారు. ఎవరికీ కుదరలేదు. "చారి పని పడిపోయింది. పిడి వంకర" అని తీర్పు చెప్పారు. వంకర నాదట!

ఆ దారం కొలతంతా వచ్చినవాళ్ళను మురిపించడానికి వేసే వేషమని సారథి నమ్మకం. అందుకే ఇంకొకరి చెయ్యి కొలిపించిన మనిషి, తన చేతికి పట్టలేదని మండిపడి, నన్ను తీసుకొని స్వయంగా కొలిమికి బయల్దేరాడు. ఇలాంటి తెలివి కత్తులు పోగుచేసేవాళ్ళకే ఉంటుంది.

"ఏంది చారీ, పిడి సక్కగ చెయ్యవా? సరిచేసియ్యి" అని నన్ను ఆయన ముందు పెట్టాడు.

కనకాచారి నన్ను చేతిలోకి తీసుకొని పల్లాన్ని బొటనవేలితో తడిమాడు.

"ఇది సాయవ్వది. సచ్చిపోయిందా సారూ?"

సారథి పకపకా నవ్వాడు. "చాపలామెనా? ఆమెకేమైతది, మార్కెట్ల ఉంటది. చెయ్యి చూపిచ్చింది, కూలి తీసుకున్నది. చారీ, నువ్వు లైను పెట్టినా, చీటీలు పెట్టినా, దారం పెట్టినా మాకో తొవ్వ దొరుకుతది. ఎందుకీ తిప్పలు? సక్కగ వేలం పెట్టుకో, నీకే నాలుగు పైసలొస్తయి."

కనకాచారి నన్ను మెల్లగా దాగలి మీద పెట్టాడు. తర్వాత రెండు చేతులూ జోడించాడు. "ఇది ఇడిసిపెట్టున్రి సారూ. మీరిచ్చింది మీకిస్త. ఆమెకు అప్పజెప్త" అన్నాడు. సుత్తె పట్టే ఆ చేతులు అలా జోడించడం నేను చూడలేకపోయాను.

ఉన్నదున్నట్టు చెప్పాలి, సారథి మెత్తబడ్డాడు. ఎలాగూ చేతికి పట్టని కత్తి. "చూద్దాంలే, తీసుకో" అన్నట్టు చెయ్యి ఊపాడు కూడా. అక్కడితో ఊరుకుంటే నా బతుకు బాగుపడేది. కానీ కనకాచారి గుండె పగిలి ఉన్నాడు, ఊరుకోలేకపోయాడు.

"ఇగ నేను కత్తులు చెయ్య సారూ. ఇదే ఆఖరిది. దీన్నన్న అసలు చేతికి చేరనియ్యున్రి."

ఆఖరిది! ఆ మాట చెవిన పడగానే సారథి కళ్ళు మారిపోయాయి. నన్ను గబుక్కున లాక్కున్నాడు. "పిడి ఇట్లనే ఉండనియ్యి, మంచిగనే ఉన్నది" అంటూ కారెక్కాడు.

కనకాచారి అన్నంత పనీ చేశాడు. ఇప్పుడు కొడవళ్ళు తప్ప ఏమీ ముట్టడట. ఆ కబురు రూఢి అయిన రోజు ఈ ఇంట్లో మిఠాయి పంచారు. ఒక మనిషి పని మానేస్తే పండగ చేసుకునేవాళ్ళను ఏమనాలో నాకు తెలియదు. ఇంకో కబురు డ్రైవరు వంటామెకు చెబుతుంటే విన్నాను. ఒక్క సాయవ్వకు మాత్రం ఇంకో కత్తి చేసిద్దామని కనకాచారి దారం పట్టుకొని మార్కెట్‌కు వెళ్ళాడట. ఆయన్ను దూరం నుంచి చూసిన సాయవ్వ, కోస్తున్న చేపను అలాగే వదిలేసి, మొహం చాటేసుకొని వెళ్ళిపోయిందట. ఆ తర్వాత ఆ మార్కెట్లో కూర్చోవడమే మానేసిందట. చెప్పి డ్రైవరు నవ్వాడు. వంటామె నవ్వలేదు.

ఇప్పుడు నా మీద ప్రత్యేకంగా ఒక దీపం పెట్టారు. అందరూ అద్దానికి ముక్కులు ఆనించి పిడిలోని పల్లాన్నే చూస్తారు. "ఆఖరి కత్తి కదా, తన బాధంతా అక్కడ చెక్కాడు" అని మొన్న ఒకాయన అన్నాడు. ఏడ్చినట్టుంది. ఒక చేపలామె చిటికెన వేలు కూర్చునే చోటయ్యా అది!

నెలకోసారి ఒక మనిషి వచ్చి తుప్పు పట్టకుండా నాకు నూనె రాసి, పల్లంలో దుమ్ము లేకుండా దూదితో తుడిచి వెళ్తాడు. ఈపాటికి ఏదో ఊళ్ళో, ఏదో మార్కెట్లో, సాయవ్వ పాత కత్తికి గుడ్డ పీలిక చుట్టుకొని చేపలు కోస్తూ ఉంటుంది. మాపటికి ఆ వేలు గుంజుతూ ఉంటుంది.