ఒక్క మెచ్చుకోలు మాట

మా ఆయనా, మా బావా తోడల్లుళ్ళు కావడం మా అక్కచెల్లెళ్ళ ఖర్మ. రెండు రాష్ట్రాలకీ మధ్య ఒక వంతెన. అటు అక్కా బావా, ఇటు మేమూ. బావ అక్కడ రోడ్డు రోలరు నడుపుతాడు. మా ఆయన ఇక్కడి పెద్దాసుపత్రిలో ఎలక్ట్రీషియను. ఎవరు ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విప్పకముందే మొదలు. మీ రోడ్ల మీద వస్తే నడుం విరిగిందని బావ అంటాడు. మీ ఇంట్లో కూర్చుంటే చెమటతోనే స్నానమైపోయింది, కరెంటు ఎప్పుడొస్తుందని ఈయన అడుగుతాడు. ఆ రోడ్లన్నీ బావ ఒక్కడే పరిచినట్టు, ఆసుపత్రి జనరేటరు ఈయన కన్నబిడ్డ అయినట్టు. మంత్రులు కూడా తమ ప్రభుత్వాల కోసం ఇంతగా గొంతు చించుకోరు.

మొదట్లో నేనూ అక్కా వంటింట్లో నవ్వుకునేవాళ్ళం. మీ మంత్రిగారికి టీ ఇవ్వవే అని అది, మీ ముఖ్యమంత్రిగారికి చక్కెర తగ్గించు అని నేను.

అక్కకి కిడ్నీలు పాడయ్యాక నాకు నవ్వు రావడం మానేసింది. వారానికి రెండుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. అక్కడి ఆసుపత్రిలో మిషన్లు ఉన్నాయి, కరెంటే నిలవదు. ఒకసారి సగంలో పోయిందట. జనరేటరులో డీజిల్ లేదట. అక్క రక్తం గొట్టాల్లో ఆగిపోతే, నర్సు మిషనుకున్న పిడి పట్టుకుని చేత్తో తిప్పి లోపలికి పంపిందట. ఇది ఫోన్లో చెబుతూ అక్క నవ్వింది. పాపం, ఆ పిల్ల చేతులు ఎంత నొప్పెట్టాయో అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇక్కడ మా ఆయన ఆసుపత్రిలో ఆ మిషన్ల గదిలో లైటు ఆరదు. పక్క రాష్ట్రం వాళ్ళనీ చేర్చుకుంటారు. అక్క వచ్చి మా ఇంట్లో ఉంటే చాలు. బావ మాత్రం ససేమిరా అన్నాడు.

"అక్కడ చేర్పిస్తే మీ ఆయన నన్ను బతికినన్నాళ్ళూ దెప్పుతాడమ్మా. మాకూ కొత్త ఆసుపత్రి కడుతున్నారు. అందాకా చూద్దాం" అన్నాడు నాతో.

ఆయన్ని కాదని వచ్చెయ్యవే అంటే అక్క రానంది. ఆయన మొహం చిన్నబోతుందట. మొగుడి మొహం చూసుకుంటూ కూర్చో, నీ ఒళ్ళు ఏమైపోతే నీకేం అని తిట్టాను. నా తిట్లు దానికి చిన్నప్పటి నుంచీ అలవాటే, పట్టించుకోలేదు.

ఇక మిగిలింది మా ఆయన. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువగా బతిమాలాను. ఒక్కసారి ఓడిపోండి. మీ రోడ్డు బాగుందని ఒక్క మెచ్చుకోలు మాట అనండి. బావ మెత్తబడ్డాక వదినని పంపమని అడగండి. రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగి, చివరికి సరేనన్నాడు. స్కూటరు మీద దారంతా ఆయన చేత ఆ మాటలు బడిపిల్లాడిలా అప్పజెప్పించుకున్నాను.

వెళ్ళాక బాగానే మొదలుపెట్టాడు. టీ బాగుందన్నాడు. అక్క గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు.

"అన్నయ్యా, దారిలో అనుకుంటూ వచ్చాను. మీ రోడ్డు..." అన్నాడు మా ఆయన.

అప్పుడే ఫ్యాను ఆగింది. వద్దని కళ్ళతోనే చెప్పాను. ఆయన పెదాలు బిగబట్టాడు, అంతవరకూ నిజం. కానీ ఎన్నేళ్ళ అలవాటో, లోపల ఆగలేదు.

"మా దగ్గరైతే ఈపాటికి జనరేటరు అందుకునేది" అన్నాడు.

బావ గ్లాసు కింద పెట్టాడు. "మా ఆవిడకి మీ జనరేటరు అక్కర్లేదు తమ్ముడూ."

ఆ సంగతి అంతటితో అయిపోయింది. అక్క నన్ను దగ్గరికి పిలిచి విసనకర్ర ఇచ్చింది. విసురుతుంటే, పోనీలేవే, ఇద్దరిలో ఎవరూ ఓడలేదుగా అంది మెల్లగా. దాని గొంతులో కోపం కూడా లేదు. దానికే నాకు భయమేసింది.

తిరిగి వస్తుంటే మా ఆయన నోరు జారిందన్నాడు. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళి అడుగుతానన్నాడు. ఆ ఆదివారం దాకా అక్క ఆగలేదు. మిషను మీద ఉండగా మళ్ళీ కరెంటు పోయిందట. రక్తం లోపలికి పంపి, మిగతాది రేపు చేస్తామని ఇంటికి పంపేశారట. తెల్లవారేసరికి ఊపిరి అందలేదట.

వంతెన దాకా స్కూటరు గుంతల్లో ఎగిరెగిరి పడింది. దాటాక కుదుపు లేకుండా పరిగెత్తింది. అక్క దగ్గరికి అంత సుఖంగా వెళ్ళడం నాకు అసహ్యమనిపించింది.

బావ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. మా ఆయన వెళ్ళి పక్కనే కూలబడ్డాడు.

"మీ రోడ్డు చాలా బాగుంది అన్నయ్యా. తొందరగా వచ్చేశాం" అన్నాడు.

బావ తలాడించాడు. "మీ ఆసుపత్రే నయం తమ్ముడూ."

ఇద్దరూ చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా ఏడ్చారు. తోడల్లుళ్ళంటే ఇలా ఉండాలని వచ్చినవాళ్ళెవరో అన్నారు. నేను అక్క పాదాల దగ్గర కూర్చున్నాను. వాపు ఇంకా అలాగే ఉంది.

"ఇంకోసారి అనండి" అన్నాను వాళ్ళిద్దరితో. "అక్కకి వినపడలేదు."