ఎల్లస్వామి మెడలో దండ

కొత్తగూడెంలో సంపత్ ఫోటో స్టూడియోకు రెండు షట్టర్లు. ఒకటి కెమెరాది, రెండోది దుకాణానిది. మొదటిది పడితేనే రెండోది లేవాలి. జనమంతా ఫోన్లోనే ఫోటోలు దిగి, ఫోన్లోనే దాచుకుని, ఆ ఫోన్ నీళ్లలో పడ్డాక మాత్రం స్టూడియోకు పరుగెత్తుకొచ్చి, "మావి తీసియ్యి సంపతూ" అంటున్నారు. రీలు కాలంలో రాజ్యమేలిన దుకాణం రీల్సు కాలంలో రాలిపోయేటట్టుంది. ఇక హైదరాబాద్ పోయి ఎవరి స్టూడియోలోనో జీతానికి చేరడమే మిగిలింది.

"అట్ల మొహం వేలాడేసుకోకయ్యా. ఒక పేజీ తెరువు, బ్లాగు రాయి. బ్లాగు రాస్తే బాగుపడతవ్" అంది భార్య రోజారాణి. ఆమెది పక్కగదిలో బ్యూటీ పార్లర్. ఊళ్లో సగం ఫేసులు ఆమె చేతిలో ఉంటాయి, మిగతా సగం ఫేస్‌బుక్కులో.

"రాయనీకి నేనేమన్న పండితుణ్ణా?"

"పండితుడెందుకు? ఫోటో పెట్టు, కింద నాలుగు ముక్కలు రాయి. చూసినోళ్లు పిలుస్తరు."

పెట్టాడు. సారపాక మిల్లు పొగగొట్టం, గోదావరి మీద సూర్యుడు, ఆయిల్‌పామ్ గెల. లైకులు వచ్చాయి. రోజారాణిది, రోజారాణి చెల్లెళ్లవి, రోజారాణి మేనత్తది. కాదనకూడదు, ఫ్యామిలీ ప్యాకేజీ.

"మనుషులను పెట్టయ్యా! పొగగొట్టం ఫోన్ చేసి ఆర్డర్ ఇస్తదా?" అంది రోజారాణి.

ఆ మాటే అశ్వారావుపేట చందర్ కూడా అన్నాడు. ఆయన కూతురి పెండ్లికి ఫోటోగ్రాఫర్‌ను వెతుకుతున్నాడు. "గెలలు మాకూ ఉన్నయి తమ్మీ. ఒక మనిషి ఫోటో చూపియ్యి. నచ్చితే పెండ్లి నీదే" అన్నాడు ఫోన్ స్పీకర్లో.

రోజారాణి ఉలిక్కిపడింది.

"ఆర్డరే! పెండ్లి ఆర్డర్!" అని సంపత్ సర్దిచెప్పాడు. ఆ ఒక్క ఆర్డర్ దొరికితే దుకాణం నిలబడుతుంది.

సరిగ్గా అప్పుడే వాళ్ల వీధి ఎల్లస్వామి బొగ్గుబాయి ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు. తోటివాళ్లు చెవులు మునిగేదాకా బంతిపూల దండలేసి, డప్పులతో కంపెనీ క్వార్టర్ దాకా ఊరేగించారు. సంపత్ ఫోటోలన్నీ ఉచితంగానే తీశాడు. అందులో ఒకటి అదిరింది. మెడలో దండ, చూపు ఎటో దూరంగా. బొగ్గు ఊరి మనిషికి రంగులెందుకు అనుకుని నలుపు తెలుపు చేశాడు. అంచులు కాస్త మసకబార్చాడు. కింద ఉద్యోగంలో చేరిన ఏడు, దిగిన ఏడు రాశాడు: 'శ్రీ ఎల్లస్వామి, 1986 – 2025'.

పోస్టు చేసి హాయిగా పడుకున్నాడు.

తెల్లారేసరికి ఫోన్ పెనంలా కాలుతోంది. వందల కామెంట్లు. 'ఓం శాంతి.' 'మంచోళ్లకే ఎందుకు గిట్ల?' 'మొన్ననే కల్లు కాడ కనబడ్డడు, నమ్మలేకపోతున్న.' కింద దండం పెట్టిన చేతులు బారులు తీరాయి. ఎల్లస్వామికి కంపెనీలో పోస్టు పోయింది, ఫేస్‌బుక్కులో పోస్టు పడింది, ఆ పోస్టుతో మనిషే పోయాడు!

సంపత్ క్వార్టర్‌కు ఉరికాడు. గేటు ముందు నాలుగు ఆటోలు. మూల మలుపు నుంచే ఏడుస్తూ వచ్చి బండి దిగుతున్నాడు ఎల్లస్వామి బామ్మర్ది జంపయ్య. చేతిలో పెద్ద పూలదండ.

"ఓ బావా! మమ్ముల ఇడిసిపెట్టి యాడికి పోయినవే!"

"పాలపాకెట్‌కు పోయిన్రా" అన్నాడు వెనకనుంచి ఎల్లస్వామి.

జంపయ్య చేతిలోని దండ వైపు చూసుకున్నాడు. "మరి ఇదేం జెయ్యాలె బావా?"

"తెచ్చినవ్ గదా, యెయ్యి" అని మెడ వంచాడు బావ.

"దండ మాటెత్తితే చేతులిరుగుతయ్!" ఎల్లస్వామి భార్య చీపురుతో వచ్చింది. పేరు బతుకమ్మ. ఇంట్లో అంత పేరు పెట్టుకున్న మనిషి ఉండగా ఆయన్ను చంపేశారు! ఆమె చూపు సంపత్ మీద పడింది.

"ఏం కొడుకా! పొద్దుగాల నుంచి వచ్చిన ఆడోళ్లందరు నా మొహం చూస్తలేరు, నా బొట్టు దిక్కు చూస్తున్నరు. ఇన్నేండ్లు షిఫ్టు దిగి ఇంటికొచ్చేదాంక రోజూ బుగులుతోని దారి చూసిన. బాయి ఏం జెయ్యలే. నీ ఫోటో జేసింది!"

సంపత్ ఫోన్ బయటికి తీశాడు. "తీసేస్త చిన్నమ్మా. ఇప్పుడే తీసేస్త."

"ఆగరా!" అన్నాడు ఎల్లస్వామి కళ్లద్దాలు సర్దుకుంటూ. "నాతోని బాయిల పనిజేసిన శివగాడు ఇంక రాయలే. ఇరవై ఏండ్లు నా టిఫిన్ల చెయ్యి పెట్టి తిన్నడు. సచ్చిన్నంటే ఒక్క ముక్క రాయడా?"

అంతలో చందర్ ఫోన్. "తమ్మీ, ఫోటో మంచిగ దీసినవ్. కానీ దండేసుకున్నోన్ని నువ్వు ఫోటో దీస్తే పోయిండంటున్నరు. పెండ్లిల దండ ఏసుకోకుంట ఎట్లయితది?"

"ఎల్లస్వామి కాక బతికే ఉన్నడే!"

"దగ్గరోళ్లు గట్లనే అంటరు తమ్మీ, గుండెల్ల బతికే ఉన్నడని" అని పెట్టేశాడు.

సంపత్ ఎల్లస్వామిని రంగుల్లో తీసి పెట్టాడు. 'పాత ఫోటో, ఎంత కళగ ఉండెనో' అని కామెంట్. లైవ్ వీడియో పెట్టాడు. ఎల్లస్వామి చేతులు జోడించి బిగుసుకుని నిలబడ్డాడు. 'పాత వీడియో ఇప్పుడెందుకు పెడుతున్నరు, పాపం ఇంటోళ్లకు ఏడుపొస్తది' అని ఇంకొకరు.

అప్పుడు లోపలినుంచి బతుకమ్మ వచ్చింది. కెమెరా నడుస్తున్న సంగతి ఆమెకు తెలియదు.

"ఏమయ్యా, సచ్చినోనికి మూడుసార్లు చాయా? నిన్న వచ్చిన గ్యాస్‌బండ ఇయ్యాల్నే ఒడుస్తది! నిన్ను సూడొచ్చినోళ్లకు ఉప్మా ఎవరు చెయ్యాలె? నా తమ్ముడు తెచ్చిన దండ గేటు కాడ మేక తింటున్నది, పో, కొట్టు!"

ఎల్లస్వామి మేక వెంట పరుగెత్తాడు. మేక దండతో సహా కెమెరా ముందునుంచి దూసుకుపోయింది. వెనక బనీన్లో ఎల్లస్వామి, ఆ వెనక చీపురు.

కామెంట్లు మారిపోయాయి. 'అది బతుకమ్మక్క గొంతే!' 'గింత తిట్టు తింటుండంటే బతికే ఉన్నడు.' 'మేక బతికిందా?' ఆఖరున శివ రాశాడు: 'అన్నా, నాకు ముందే తెలుసు. అందుకే రాయలే.'

"చూసినవా ఎంత తెలివో!" అని ఎల్లస్వామి రొప్పుతూనే మురిసిపోయాడు.

ఆ వీడియో అశ్వారావుపేట దాటి అడవి ఊళ్ల దాకా పోయింది. సాయంత్రం చందర్ మళ్లీ ఫోన్ చేశాడు.

"పెండ్లి నీదే తమ్మీ. అంతా రంగులల్ల ఉండాలె. పేర్ల కింద ఏండ్లు రాయొద్దు. ఇంక... ఆ తిట్టే అక్కను గూడ తోలుకరా. మా తోట పనోళ్లు రెండ్రోజుల సంది లేస్తలేరు."

దుకాణం షట్టర్ దడదడమని లేచింది. రోజారాణి ఇంకో ఫోటో తీసుకురమ్మని సంపత్‌ను క్వార్టర్‌కు తోలింది. బతుకమ్మ వేలు చూపించి తిడుతుంటే, పక్కన ఎల్లస్వామి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతుంటే, రంగుల్లో ఒకటి తీశాడు. మెడలో దండ లేదు. దుకాణానికి తిరిగొచ్చాక, కింద ఏం రాయాలో తోచక సంపత్ పెన్ను నములుతుంటే రోజారాణి ఫోన్ లాక్కుని తనే రాసింది:

'ఇద్దరూ క్షేమం. దయచేసి ఎవరూ బయల్దేరొద్దు.'