రెండో లెక్క

మా మొదటి పేజీని తీసేసినప్పుడు ఆ సోషల్ మీడియా నడిపే పెద్ద కంపెనీవాళ్లు ఒకే ముక్క రాశారు: “కలవరపెట్టే చిత్రాలు.” మేం పెట్టినవి సూదుల ఫోటోలు. ఆసుపత్రి దుప్పట్లలో మాకు దొరికిన సూదులు. కలవరపడింది ఎవరో, వాళ్లకి ఫిర్యాదు రాసింది ఎవరో మా లాండ్రీలో ఇస్త్రీ పెట్టెలకి కూడా తెలుసు. ఏడాదిపాటు పోగుచేసిన ఫోటోలన్నీ ఒక్క పూటలో పోయాయి. ఫోన్లో చోటు చాలక, పేజీలో పెట్టిన వెంటనే ఫోన్లోంచి తుడిచేసేవాళ్లం. బుద్ధితక్కువ పని, ఒప్పుకుంటాను.

నేను ఆ లాండ్రీలో యంత్రాలు బాగుచేస్తాను. నోటి దురుసు వల్ల అందరూ మిరపకాయ అంటారు. మా మేనత్త అక్కడే, దుప్పట్లు విడదీసే బల్ల దగ్గర, పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తోంది. ఆసుపత్రి నుంచి వచ్చిన మూటలు విప్పి, నెత్తుటివి ఒక పక్కకీ మామూలువి ఇంకో పక్కకీ వేసి, మళ్లీ మూటలు కట్టి యంత్రాల దగ్గరికి పంపాలి. ఎవరో తీసి పారేయడం మరిచిపోయిన సూదులు ఆ మడతల్లో ఉంటాయి. అవి కళ్లకన్నా ముందు వేళ్లకే దొరుకుతాయి.

ఆ బల్ల దగ్గర అత్త పెట్టిన ఆచారం ఒకటుంది. ఒకరు లెక్కపెట్టిన మూటని ఇంకొకరు మళ్లీ లెక్కపెట్టాలి. ఆ రెండో లెక్క పడేదాకా మూట నోరు కట్టకూడదు. కొత్తగా చేరినవాళ్లు “నా మీద నమ్మకం లేదా” అని మూతి ముడుచుకుంటారు.

“నా మీదే నాకు నమ్మకం లేదు, నీ మీద ఎక్కణ్నించి తెచ్చుకోను?” అంటుంది అత్త.

పేజీ పోయిందని మేం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సైకిళ్లు బాగుచేసే బాబాయ్ తన కొట్టు మీది గదిలో ఒక మూల ఇచ్చాడు. పాత కంప్యూటర్ ఒకటి అక్కడ పెట్టి, దాన్నే మా కొత్త పేజీ ఉండే సర్వర్‌గా చేశాను. ఇలాంటి చిన్న సర్వర్లు లోకంలో బోలెడున్నాయి. ఎవరిది వాళ్లదే, కానీ ఒకదాంట్లో రాసింది ఇంకోదాంట్లోనూ చదవచ్చు. చదివిన చోట దాని నకలు ఒకటి ఉండిపోతుంది. అన్నిటి నెత్తినా కూర్చుని “తీసెయ్” అనే యజమాని ఎవడూ ఉండడు. నాకు అందులో నచ్చింది అదే.

వేరే ఊళ్లో ఇంకో ఆసుపత్రి లాండ్రీవాళ్లకీ సొంత సర్వర్ ఉంది. అక్కడ ఒకావిడ తన బొమ్మకి బదులు నీలం రంగు గ్లవ్ ఫోటో పెట్టుకుంది. మొహం ఎప్పుడూ చూడలేదు, మాకు ఆవిడ నీలం గ్లవ్ అక్క. అత్త ఆవిడని ఒకటే కోరింది. “మేం లెక్క రాస్తాం, రెండో లెక్క నువ్వు చూడమ్మా.” అప్పట్నించి మేం సూదినీ, పక్కన మూటకున్న చీటీనీ ఫోటో తీసి, తారీఖు వేసి పెడితే, అక్క చీటీ నంబరు సరిచూసి కింద “చూశాను, లెక్క సరే” అని రాస్తుంది. ఒక్కటి కూడా వదల్లేదు.

పందొమ్మిదో ఫోటోలో ఉన్న సూది అత్త ఎడమ బొటనవేలిలో దిగింది.

మా లాండ్రీ మేనేజర్ ఏమన్నాడో తెలుసా? “ఇంట్లో బొత్తాలు కుట్టుకుంటూ గుచ్చుకుని ఉంటారు” అన్నాడు. మా మామయ్య దర్జీ. పెళ్లయ్యాక అత్త సూదిలో దారం ఎక్కించి ఎరగదు. పైగా ఆ సూది ఇంజెక్షన్ సూది. దాంతో బొత్తాలు కుట్టే విద్య నేర్పితే మామయ్యా నేర్చుకుంటాడు.

విషయం ఆసుపత్రి భద్రతా కమిటీ దాకా వెళ్లింది. విచారణ గురువారం. సూది దుప్పట్లలోంచే వచ్చిందని తేలితే ఆరు నెలల రక్తపరీక్షలూ మందులూ ఆసుపత్రే చూసుకుంటుంది, ఉద్యోగమూ ఉంటుంది. తేలకపోతే “పనికి తగదు” అని రాసి ఇంటికి పంపుతారు. ఒంట్లోకి ఏం చేరిందో తెలుసుకోవడానికి ఆవిడే తిరగాలి. మా దగ్గరున్న సాక్ష్యం ఆ పేజీ ఒక్కటే.

కమిటీ పెద్ద ఒక సీనియర్ నర్సు. పేజీని ఆ గదిలో ఉన్న కంప్యూటర్‌లోనే చూస్తానని ముందే చెప్పింది. అదొక ముసలి కంప్యూటర్. మా సర్వర్ తనంతట తాను చూపించే పేజీ మరీ బరువు. మావాళ్ల పగిలిన ఫోన్లలో లాగే అందులోనూ ఉత్త తెల్ల తెరే వస్తుంది. అందుకని ఆదివారం మధ్యాహ్నం నేను ఫ్రంటెండ్ పెట్టే పనికి కూర్చున్నాను.

“అదేంటే?” అంది అత్త.

“సర్వర్ ఇల్లయితే ఇది వాకిలి అత్తా. ఇల్లు మార్చక్కర్లేదు. తేలిగ్గా తెరుచుకునే వాకిలి ఇంకోటి పెడుతున్నా.”

“ఎవరు చేశారు?”

“ముక్కూ మొహం తెలియనివాళ్లు. ఓపెన్ సోర్స్. తీసుకోండి, మార్చుకోండి అని అందరి ముందూ పెట్టేశారు.”

“మనలాంటి పిచ్చాళ్లు ఇంకా ఉన్నారన్నమాట” అంది అత్త సంతోషంగా.

ఆ ఫైళ్లని సర్వర్‌లో కాకుండా వేరే చోట, ఇంటర్నెట్‌లో ఊరికే ఇచ్చే జాగాలో పెట్టాను. బటన్ల మీది మాటలు మన భాషలో లేవు. బల్ల దగ్గర ఆడవాళ్లందరూ గదిలో చేరి తలా ఒకటి చెప్పారు. ఎవరినైనా అనుసరించే బటన్‌కి “వెంట ఉంటా” అని పెట్టాం. గిట్టనివాళ్లని ఆపేసేదానికి “ఇక పో” అని పెట్టాం. ఇంకొకరి మాటని మన వాళ్లందరికీ చేరవేసే బటన్ దగ్గర పని ఆగింది. నేను “పెంచు” అని రాస్తే, మడతలు పెట్టే వదిన “ఏం పెంచాలి, మొక్కలనా, మొగుడి పొట్టనా?” అంది. అందరూ నవ్వారు. చివరికి అత్త చెప్పింది. “నువ్వూ చెప్పు, అని రాయవే. మనం కోరేది అదేగా.”

ఇక మిగిలినవి ఒక చిన్న ఫైల్లో రెండు వరుసలు. ఈ వాకిలి ఏ సర్వర్‌తో మాట్లాడాలి అనేది మొదటిది. ఆ ఒక్కదానికే తాళం వేసి ఉంచాలా, వేరే సర్వర్లనీ చూడనివ్వాలా అనేది రెండోది. నేను తాళం వేసేశాను. మేనేజర్ మనిషి ఎవడైనా మా వాకిట్లోంచి ఎక్కడిదో చెత్త తెరిచి చూపించి, ఇది వీళ్ల పేజీయే అంటాడని నా భయం. ఎవరినీ అడగలేదు.

“రెండో లెక్క ఎవరు చూశారు?” అంది అత్త.

“కంప్యూటర్‌కి రెండో లెక్కేంటి అత్తా, నీ చాదస్తం కాకపోతే.”

ఫోన్లన్నిటిలో పేజీ చటుక్కున తెరుచుకుంది. ఆ సంబరంలో నేను ఆ మాట మరిచిపోయాను.

గురువారం పదకొండింటికి అత్తా నేనూ కమిటీ గదిలో కూర్చున్నాం. పొడుగాటి బల్లకి అటు పక్క పెద్ద నర్సూ ఇద్దరు డాక్టర్లూ, ఇటు పక్క మేమూ, కొసన ఫైలు పట్టుకుని మేనేజర్. పెద్ద నర్సు కళ్లజోడు సరిచేసుకుని అడ్రసు కొట్టింది. మా వాకిలి తెరుచుకుంది. మా రంగు, మా బటన్లు అన్నీ వచ్చాయి. మధ్యలో మాత్రం ఒకే వాక్యం ఉంది: “సర్వర్ పలకడం లేదు.”

అంతలో నా ఫోన్ మోగింది. సైకిల్ బాబాయ్. బయటికి వెళ్లి ఎత్తాను.

“అమ్మాయ్, కొట్టు ఓనరు మనిషి వచ్చి వైరు పీకేసి, కంప్యూటర్ పట్టుకుపోయాడు. ఎవరు చెప్పారంటే పైనుంచి అన్నాడు. నేను అడ్డం పడ్డానమ్మా, తోసేశాడు.”

“నీకేం తగల్లేదుగా బాబాయ్?”

“నా సంగతి వదిలెయ్. మీ అత్తని చూసుకో.”

గదిలోకి వచ్చేసరికి మేనేజర్ చెబుతున్నాడు. “లేని పేజీని చూడమని పెద్దవాళ్ల సమయం వృథా చేస్తున్నారు మేడమ్. ఇక ముగిద్దామా?”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చింది అనబోతుంటే అత్త నా చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది.

“అరవకు. మనది పోయిందా?”

“పోయింది అత్తా. పట్టుకుపోయారు.”

“నీలం గ్లవ్ దగ్గర లెక్క ఉందిగా?”

ఉంది. ప్రతి ఫోటో కిందా ఆవిడ రాసింది కాబట్టి ప్రతి ఫోటో నకలూ ఆవిడ సర్వర్‌లో ఉంది. మధ్యలో ఉన్న అడ్డమల్లా నేను వేసిన తాళమే. రెండో మనిషిని పిలవకుండా మూట నోరు కట్టింది నేనే.

“తప్పు నాదే అత్తా.”

“తర్వాత ఏడుద్దువుగాని. ముందు నోరు విప్పు.”

నేను లేచి పెద్ద నర్సుతో అన్నాను. “మేడమ్, మా కంప్యూటర్‌ని ఇప్పుడే ఎత్తుకుపోయారు. పది నిమిషాలివ్వండి.”

“అయిదు” అంది ఆవిడ, గోడ గడియారం చూసి.

ఫైళ్లు వేరే చోట ఉండటం ఒక్కటే నేను చేసిన తెలివైన పని. ఫోన్లోంచి వాటిని తెరవబోయాను. పాస్‌వర్డ్ మొదటిసారి తప్పు కొట్టాను. రెండోసారి తెరుచుకుంది. మా సర్వర్ అడ్రసు తీసేసి నీలం గ్లవ్ అక్కవాళ్ల అడ్రసు రాశాను. కింద వరుసలో తాళం తీసేశాను. భద్రపరిచే ముందు ఫోన్ అత్త చేతికిచ్చాను.

“చూడు. రెండో లెక్క.”

అత్త కళ్లు చికిలించి అక్షరం అక్షరం చదివింది. ఆ అయిదు నిమిషాల్లో ఒక నిమిషం పైనే దానికి పోయింది. ఆవిడని తొందరపెట్టే ధైర్యం నాకు లేకపోయింది. చివరికి తల ఊపింది.

“మేడమ్, ఇంకోసారి తెరవండి” అన్నాను.

తెరుచుకుంది. నలభై మూడు సూదులు. ఒక్కొక్కటీ తన చీటీ పక్కన పడుకుని ఉంది. ప్రతిదాని కిందా ఆ నీలం గ్లవ్, “చూశాను, లెక్క సరే” అన్న మాట. పెద్ద నర్సు పందొమ్మిదోదాని దగ్గర ఆగింది. చీటీ నంబరు పైకి చదివి, ఆసుపత్రి నుంచి మూటలు పంపిన రిజిస్టర్ తెప్పించింది. వేలితో వరుసలు దాటుకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది.

“ఈ మూట మాదే. అదే వార్డు, అదే రోజు” అంది డాక్టర్లతో.

మేనేజర్ కుర్చీలోంచి లేచాడు. “మేడమ్, ఇదంతా మన పరువు తీసే వ్యవహారం. ముందు దీన్ని తీసేయమని చెప్పండి.”

అత్త ఆయన వైపు తిరిగింది. పద్దెనిమిదేళ్లలో ఆవిడ ఆయన కళ్లలోకి చూసి మాట్లాడటం నేను చూడలేదు.

“ఏది తీయమంటారు సార్? మా దగ్గరున్నది పొద్దున ఎత్తుకుపోయారు కదా. ఇది మా చేతిలో లేదు. ఇది రెండో లెక్క.”

పెద్ద నర్సు ప్రింట్ నొక్కింది. ఆ ముసలి ప్రింటర్ మూలుగుతూ నలభై మూడు కాగితాలూ బయటపెట్టేదాకా మేనేజర్ నిలబడే ఉన్నాడు. సాయంత్రానికి ఉత్తర్వు చేతికొచ్చింది. ఆరు నెలల పరీక్షలూ మందులూ ఆసుపత్రి ఖర్చే. ఉద్యోగం ఉంటుంది. మొదటి పరీక్ష ఫలితం ఇంకా రావాలి. అత్తకి ఏమీ కాదని నేను ఎవరికీ మాట ఇవ్వలేను. ఆ మాట ఇవ్వగలిగే వాళ్లెవరూ ఆ గదిలో లేరు.

సోమవారం పొద్దున బల్ల దగ్గర నలభై నాలుగో సూది దొరికింది. ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోమంటే వినకుండా, రెండు జతల గ్లవ్స్ వేసుకుని నిలబడి ఉంది అత్త. సూదిని పట్టకారుతో ఎత్తి చీటీ పక్కన పెట్టింది. నేను ఫోటో తీసి పేజీలో పెట్టాను, కాసేపటికి కింద నీలం గ్లవ్ అక్క “చూశాను, లెక్క సరే” అని రాసింది. ఇంకో అయిదు లాండ్రీలు ఇప్పుడు మా వెంట ఉన్నాయి. సైకిల్ బాబాయ్ కొట్టు మీద ఇంకో పాత కంప్యూటర్ కూడా నడుస్తోంది.

మేనేజర్ తన అద్దాల గదిలోంచి చూస్తున్నాడు. అత్త అది గమనించి, ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. దాచుకోకుండా, ఆయనకి కనబడేలా ఎత్తి పట్టుకుంది. కుడిచేతి గ్లవ్స్ రెండూ తీసేసి, అక్క మాట కింద “నువ్వూ చెప్పు” అన్న బటన్ నొక్కింది.