తెల్లబట్టల పిల్ల

ఆ ఏడు పెకింగు నగరంలో మహమ్మారి పడింది. దక్షిణ ద్వారం పక్క సందులో ఇంటికొకరు మంచం పట్టారు. నాటకాలవాళ్ల దుస్తులు కుట్టే వాన్‌రు భర్తను పోగొట్టుకుని నెల తిరగలేదు. అంతలోనే అత్తగారికీ జ్వరం తగులుకుంది.

ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. తీసి చూస్తే, నిలువెల్లా తెల్లబట్టల్లో ఒక పిల్ల, చంకలో చిన్న రోలు.

"మందు తెచ్చానక్కా. సందు మొదట్నుంచీ తలుపులు తడుతూనే ఉన్నా. ఒక్కరూ తియ్యలేదు."

"ఎలా తీస్తారే తల్లీ? తెలుపు చావుకి కట్టేది. రోగమున్న కొంపకి ఆ బట్టల్తో వస్తే హడలిపోరూ?"

"మరి నువ్వు తీశావుగా?"

వాన్‌రు తన ఒంటిమీది తెల్ల అంగీ చూపించింది. "నాకింక కొత్తగా భయమేముంది? లోపలికి రా."

పిల్ల నేలమీద కూర్చుని ఆకులూ బెరళ్లూ దంచింది. పుట్టినప్పటినుంచీ అదే పనన్నట్టు ఆ చెయ్యి ఎక్కడా తడబడలేదు. మర్నాటికి అత్తగారు లేచి కూర్చుని, గంజిలో ఉప్పు తగ్గిందని కోడల్ని తిట్టింది. ఆ తిట్లు వింటుంటే వాన్‌రుకి కళ్లు చెమర్చాయి.

ఏమిచ్చినా పిల్ల పుచ్చుకోలేదు. "వేరే బట్టలుంటే ఇవ్వక్కా, చాలు" అంది.

వాన్‌రు నాటకాల పెట్టె తెరిచింది. పిల్ల ఒకనాడు నూనె అమ్మేవాడిలా, ఇంకోనాడు జోస్యం చెప్పేవాడిలా బయల్దేరింది. మూసిన తలుపులు తెరుచుకున్నాయి. సాయంత్రానికి అరచేతులు బొబ్బలెక్కి వచ్చేది. ఒక్కపూట ఆగమని వాన్‌రు బతిమాలినా వినేది కాదు.

సిపాయిల వాడలోకి మాత్రం బయటివాళ్లను రానివ్వడం లేదు. దానికి సేనాపతి కవచం కావలసివచ్చింది. వాన్‌రు శిరస్త్రాణం పెడుతూ పిల్ల జుట్టు పైకెత్తింది. జుట్టు కింద రెండు పొడవాటి తెల్లని చెవులు వెనక్కి మడిచి ఉన్నాయి.

ఆమె చేతులు ఆగిపోయాయి. చంద్రుడిలో చాంగ్అ దేవి చెంత అమృతం దంచే కుందేలు గురించి చిన్నప్పుడు అమ్మ చెప్పింది. ఆ కుందేలు ఇంత దూరం దిగివచ్చి, ఈ మురికి సందులో తలుపు తలుపునా ఛీ అనిపించుకుందా!

"బిగించి కట్టక్కా, ఊడిపడితే సిపాయిలు నవ్వుతారు" అంది పిల్ల, నేలచూపులు చూస్తూ.

వాన్‌రు గట్టిగా ముడివేసి, ఉడికించిన లేత సోయా కాయలు దోసిట్లో పోసింది. "ముందు కడుపులో ఏదైనా పడనీ. పని ఎక్కడికీ పోదు."

ఎనిమిదో నెల పున్నమికి నగరంలో జ్వరం మాటే వినబడలేదు. ఆ సాయంత్రం కవచం గడపమీద మడతపెట్టి ఉంది. పిల్ల మళ్లీ రాలేదు.

వాన్‌రు కాలవ ఒడ్డు మట్టి తెచ్చి, కవచం తొడుక్కున్న కుందేలు బొమ్మ చేసి ముంగిట్లో పెట్టింది.

"విడ్డూరం కాకపోతే, కుందేలుకి కవచమేంటే?" అంది అత్తగారు.

"మన ఇంటికొచ్చి మందు దంచిన పిల్ల ఆ కవచంతోనే సిపాయిల వాడకి వెళ్లింది అత్తా."

ముసలమ్మ లోపలికెళ్లి, తనకోసం దాచుకున్న పెద్ద బేరిపండు తెచ్చి బొమ్మ ముందుంచి, చంద్రుడివైపు తిరిగి వంగి నమస్కరించింది. సందులో ఆడవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు.